కాళికమ్మ కాళ్ల మీద సీసా నీళ్లు

ఒక్క సీసా నీళ్లతో నిండు సభను ముంచిన మొనగాణ్ని నేను. నవ్వాలనిపిస్తే నవ్వండి, నేనూ నవ్వుతాను. కాకపోతే ఈ కథలో ఒక చావు కూడా ఉంది, కొంచెం చూసుకుని నవ్వండి.

ముందుగా నా అర్హతలు చెప్పాలి. ఎల్లారెడ్డిలో సైన్సు పంతుల్ని. సిగం రావడం అంటే, మనిషి ఒంటి మీదికి దేవత రావడం అంటే, అదంతా డప్పు మోతకు మనసుకు కలిగే భ్రమ అని పదో తరగతి పిల్లలకు ఏటా బోర్డు మీద తలకాయ బొమ్మ గీసి మరీ వివరిస్తాను.

ఆ ఏడాది మా బాపు కామారెడ్డి ఆస్పత్రిలో ఉన్నాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. డాక్టరు హైదరాబాద్ తీసుకెళ్లమంటాడు. తీసుకెళితే బతుకుతాడా అని అడిగితే చూద్దాం అంటాడు. బాపు ఏమో ఇంటికే పోదామంటాడు. నేను ఎటూ తేల్చుకోలేక మంచం పక్కన కూర్చుని ఆయన మొహమే చూస్తుండేవాణ్ని. చివరికి ఆయనకే విసుగొచ్చింది.

"నన్ను గట్ల చూడకురా, నాకే భయమైతున్నది. పొయ్యి జర మనుషులల్ల కూసో" అని, అక్కను దగ్గర ఉంచుకుని నన్ను బయటికి తరిమాడు.

మా బళ్లో తెలుగు చెప్పే కిషన్ నన్ను చూడ్డానికి ఆస్పత్రికి వచ్చి ఉన్నాడు. అతని దగ్గర ఒక నృత్య ప్రదర్శనకు పాసులున్నాయి. శాస్త్రీయ నృత్యానికి మృదంగంతో పాటు గిటారునూ మన డప్పునూ కలిపారని, దాన్నే ఫ్యూజన్ అంటారని దారిలో చెప్పాడు. ఫంక్షన్ హాల్లో ముందు వరుసలో కూర్చున్నాం. బాపు కోసం కొన్న నీళ్ల సీసా నా చేతిలోనే ఉండిపోయింది.

మొదట్లో చాలా పద్ధతిగా ఉన్నాను. పక్కవాళ్లు తల ఊపితే ఊపాను, చప్పట్లు కొడితే కొట్టాను. ఒకసారి గిటారు ఆయన తీగలు సవరించుకుంటుంటే కూడా కొట్టాను. కిషన్ నా చేతులు పట్టుకుని కింద పెట్టాడు.

తర్వాత కాళిక ఘట్టం వచ్చింది. ఎర్ర చీర, విరబోసిన జుట్టుతో కాళిక వేషం కట్టిన అమ్మాయి. డప్పు అందుకుంది. అది మా ఊళ్లో పోచమ్మ బోనాలకు కొట్టే దరువు. ఆ దరువుకు ఎవరో ఒకరికి సిగం రాకుండా ఉండదు. వచ్చినప్పుడు జనం చేసే పని ఒకటే. కాళ్ల మీద నీళ్లు పోసి, దండం పెట్టి, మనసులో ఉన్నది అడుగుతారు. పంట సంగతో, తప్పిపోయిన బర్రె సంగతో. డప్పు ఆగుతుంది, ఒంటి మీదికి వచ్చిన అవ్వ జవాబు చెబుతుంది.

ఆ అమ్మాయి కళ్లు తిప్పింది, నాలుక చాపింది, ఒళ్లంతా వణికించింది. దాంతో నేను ఇన్నేళ్లు చెప్పిన పాఠం కూడా వణికింది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినా చాలంటారు. నాకు ఏకంగా కాళికమ్మే దొరికింది.

స్టేజీ ఎలా ఎక్కానో ఇప్పటికీ తెలియదు. సీసా మూత తీసి ఆమె కాళ్ల మీద నీళ్లు పోశాను. మృదంగం ఆయన వాద్యాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని వెనక్కి జరిగాడు. గిటారు ఆగిపోయింది. డప్పు ఆయన మా వైపు మనిషే అయ్యుండాలి, అలవాటు కొద్దీ దరువు ఆపి జవాబు కోసం ఆమె వైపు చూశాడు. మైకు నా నోటికి దగ్గర్లోనే ఉంది.

"అవ్వా, మా బాపు బతుకుతడా? హైదరాబాద్ తోల్కపోవాల్నా, ఇంటికి తోల్కపోవాల్నా?"

వెనక కొందరు నవ్వారు. కొందరు ఇది కూడా ఫ్యూజనే అనుకుని చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి చాపిన నాలుకను మెల్లగా లోపలికి తీసుకుంది. నేను ఏడుస్తున్నాను. ఆమె వంగి, మైకుకు అందకుండా అంది.

"బతుకుతారండీ. ఏడవకండి. ముందు మీరు కిందికి దిగండి."

ఇద్దరు వచ్చి నన్ను దించారు. కిషన్ కోసం చూస్తే, అప్పటికే బయట హెల్మెట్ పెట్టుకుని, అద్దం కూడా దించుకుని, బండి మీద కూర్చుని ఉన్నాడు.

ఆస్పత్రికి వెళ్లి జరిగిందంతా బాపుకు చెప్పాను. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. అక్క ఇద్దర్నీ తిట్టింది. నవ్వు ఆగాక బాపు గోడవైపు తిరిగి అన్నాడు.

"బతుకుతడన్నది గద. ఇగ హైదరాబాద్ ఎందుకురా? అవ్వ మాట కాదంటవా? ఇంటికి తోల్కపో."

ఆయన నమ్మలేదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. కానీ నీళ్లు పోసి అడిగినవాడు జవాబు కాదనగలడా? మర్నాడే ఎల్లారెడ్డి తీసుకొచ్చాను. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఆ కథ నాతో చెప్పించేవాడు. నాలుక చాపి మరీ చూపించాలి, లేకపోతే ఒప్పుకోడు. నేను సీసా దాకా రాకముందే ఆయన నవ్వు మొదలయ్యేది. కొన్నాళ్లకు ఒక తెల్లవారుజామున, తన మంచం మీదే పోయాడు. హైదరాబాద్ తీసుకెళ్లి ఉంటే అన్న మాట ఇప్పటికీ నన్ను తింటూనే ఉంది.

దినాలు అయ్యాక ఫోనొచ్చింది. ఆ అమ్మాయే. పాసులిచ్చినవాళ్ల ద్వారా కిషన్‌ను పట్టుకుంటే, అతను ఇంకేమీ చెప్పకుండా నా నంబరు ఇచ్చేశాడట.

"నాన్నగారు ఎలా ఉన్నారండీ? ఆ రోజు నోటికొచ్చింది చెప్పేశాను. అప్పట్నుంచీ నాకు నిద్ర పట్టడం లేదు."

నేను గుండు తడుముకున్నాను. నాకోసం ఆ పిల్ల ఒక అబద్ధం ఆడింది, తిరిగి ఇవ్వకపోతే బాగుండదనిపించింది.

"మంచిగున్నడమ్మా. మీరన్నట్టే అయింది" అన్నాను.

అటువైపు పెద్ద ఊపిరి వినిపించింది. వచ్చే ఏడాది కామారెడ్డి వస్తానని, ఆయన్ను తప్పకుండా తీసుకురమ్మని, ముందు వరుసలో ఇద్దరికీ కుర్చీలు ఉంచమని చెబుతానని అంది.

అన్న మాట ప్రకారం వచ్చింది. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడి చూశాను. హాలు నిండిపోయింది, ముందు రెండు కుర్చీలు మాత్రం ఖాళీ. ఎవరో కూర్చుంటే, తండ్రీకొడుకులు వస్తారట, మేడం ఉంచమన్నారని లేపేశారు. కాళిక ఘట్టానికి ముందు ఆమె ఆ కుర్చీల వైపు చూసి, కాసేపు ఆగి, మొదలుపెట్టింది.

అందుకని పాఠకులారా, మీ సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నాట్యం చేసేవాళ్లను ఏమీ అడగను. ఒకవేళ అడిగినా, వాళ్లు చెప్పింది జరిగిందని మాత్రం చచ్చినా చెప్పను.