అమ్మ పాదం మీది నింద

కొన్ని నెలల కిందట చెన్నైలో ఒక ఆసుపత్రిలో, రొమ్ము క్యాన్సరుకు వైద్యం చేయించుకుంటున్న మా చెల్లెలి పక్కన నేను కూర్చుని ఉండగా, అక్కడి డాక్టరమ్మ మాకొక సంగతి చెప్పింది. అది విన్నప్పటినుంచి మా తిరుత్తణి ఇల్లూ, ఆ ఇంట్లో పెద్దరికం వెలగబెట్టిన మహానుభావులూ పదేపదే గుర్తుకొచ్చి నాకు ఒళ్లు మండిపోతోంది. నా ఈడువాళ్లు, అందులోనూ మగ్గాల ఇళ్లలో పుట్టినవాళ్లు, ఈ మంటను సులువుగానే అర్థం చేసుకుంటారు.

ఆవిడ చెప్పింది టీపీ53 అనే జీను గురించి. మనందరి ఒంట్లోనూ ఉండే ఆ జీను నుంచి తయారయ్యే ప్రొటీను చాలావరకు తానుగా పని చేయదట, మిగతా జీన్ల మీద వాలి వాటిచేత పని చేయిస్తుందట. కణంలో ఏదైనా చెడితే ముందు విభజన ఆపమంటుంది, బాగు చేయించడానికి చూస్తుంది, బాగుపడదని తేలితే ఆ కణాన్నే చచ్చిపొమ్మంటుంది. ఆవిడ తమిళంలో ఇదంతా వివరిస్తుంటే నాకు మా మగ్గమే కళ్లముందు కనబడింది. పోగు తెగితే మగ్గం ఆపాలి, ముడి వేయాలి. ఆపకుండా నేసుకుంటూ పోతే బట్టంతా పాడవుతుంది. మా చెల్లెలికి ఆ జీనులో పుట్టుకతోనే తప్పు ఉందట, అమ్మ నుంచో నాయన నుంచో వచ్చి ఉంటుందట. నాకూ పరీక్ష చేసి, నాకు రాలేదన్నారు.

అమ్మ ఊత్తుకోట నుంచి మా ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, నాయన అక్క, అంటే మా అత్త, కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. ఆమెకు నలుగుపెట్టి నీళ్లు పోస్తూ, రొమ్ములో గడ్డను మొదట చేత్తో తడిమి కనుక్కున్నది అమ్మే. ఆలస్యం చేయకుండా మద్రాసు తీసుకెళ్లి చూపించమని, కొత్త కోడలైనా సిగ్గు విడిచి అందరికీ చెప్పిందట. మా అవ్వ, "నోరు ముయ్యి, నీ నోట వచ్చేదంతా అశుభమే" అని కసిరిందట. అత్త ఆడపిల్లను కని, ఆ ఏడాది తిరగకుండానే పోయింది. గడ్డను దాచిపెట్టిన బుద్ధిమంతులంతా కలిసి కూర్చుని, కొత్త కోడలి పాదం మంచిది కాదని తేల్చారు. ఆ రోజుల్లో మా ఇంట్లో తీర్పు చెప్పడానికి తెలివి అక్కర్లేదు, గొంతు ఉంటే చాలు.

అప్పటినుంచి అమ్మ పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, ముట్టుకోకూడదు. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు సాగదీసి, గంజి పెట్టి కుంచెతో దువ్వేటప్పుడు ఇంటిల్లిపాదీ అటూ ఇటూ నిలబడి తెగిన పోగులు అతికేవాళ్లం, అమ్మ మాత్రం తలుపు వెనక ఉండాలి. ఆమె పాదం సోకితే పోగులు తెగుతాయట! ఆ గంజి కాచేది మాత్రం ఆమే. గంజికి పాదదోషం అంటదు కాబోలు. మా నాయన నెమ్మదస్తుడని ఇప్పటికీ అందరూ పొగుడుతారు. పెళ్లాం తలుపు వెనక నిలబడితే నోరు మెదపకపోవడాన్ని నెమ్మది అంటారని నాకు తెలియదు. నాకు ఊహ తెలిశాక ఆయన తలలో గడ్డ లేచి పోయాడు. ఆ చావునూ అమ్మ పాదానికే చుట్టారు.

నాకు ఆవడిలో ఉద్యోగం వచ్చాక అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నాను. అక్కడ ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. అయినా ఎవరైనా పెళ్లి పిలుపుకు వస్తే, తానే తలుపు చాటుకు తప్పుకునేది. చివరి రోజుల్లో ఒకసారి, నిజంగా తన పాదం వల్లే వాళ్లు పోయారా అని నన్ను అడిగింది. కాదమ్మా అన్నాను. కూతురు కాబట్టి అలా అంటోందనుకుంది, నమ్మలేదు.

చెల్లెలి సంగతి చెప్పడానికి చిన్నాయనకు ఫోను చేశాను. నాయన తమ్ముడాయన, తొంభై దగ్గరపడినా గొంతు తగ్గలేదు. "అది మీ అమ్మ తట్టు నించి వచ్చింటాది. మా వంశంలో యాడుంది ఇట్లాంటి రోగం?" అన్నాడు. సొంత అక్కనూ సొంత అన్ననూ గడ్డలకే పోగొట్టుకున్న మనిషి అన్న మాట ఇది! నేను ఊరుకోలేదు. అత్త ఆ కాన్పులో కన్న పిల్ల నాకు వదిన వరస. తానూ రొమ్ము తీయించుకుని బతికి బయటపడ్డ మనిషి. బతిమాలి ఆమెకూ పరీక్ష చేయించాను. చెల్లెలి జీనులో ఉన్న తప్పే, అచ్చంగా అదే తప్పు, ఆమెలోనూ ఉంది. వదినలో మా అమ్మ రక్తం చుక్కైనా లేదు. వాళ్లిద్దరికీ ఉమ్మడిగా ఉన్నది ఆ ఘనమైన వంశం రక్తమే.

తిరుత్తణి వెళ్లి, కొడుకులూ కోడళ్లూ అందరూ ఉండగా చిన్నాయనకు అదంతా విడమరిచి చెప్పాను. "మా వదినె తప్పేమీ లేదు" అని అమ్మ గురించి ఒక్క మాట అనమన్నాను, అంతే. "సరి, విడమ్మా. పోయినోళ్ల కత ఇప్పుడేల? పిల్లోళ్లకి పెండ్లిండ్లు కావాల. ఈ మాట బయట అనొద్దు" అని, కాఫీ తెమ్మని లోపలికి కేకేశాడు. మొన్నమొన్నటిదాకా ఆడికృత్తిక పండక్కి స్వామి కావడి మోసుకుంటూ కొండెక్కిన భక్తుడు! గడ్డ దాచమన్న నోళ్లు పోయి, పరీక్ష దాచమనే నోళ్లు వచ్చాయి. పోగు తెగింది, ఆగి చూడండని హెచ్చరించిన ఒకే ఒక్క మనిషిని తలుపు వెనక నిలబెట్టిన ఇల్లు అది. ఆ కాఫీ నేను ముట్టుకోలేదు.

వీధిలోకి వచ్చాను. చెయ్యిమగ్గాలు పోయి చాలా కాలమైంది, పడుగు సాగదీసే చోట ఇప్పుడు మోటారుసైకిళ్లు నిలబెట్టుకుంటున్నారు. గంజి వాసన ఎరిగినవాళ్లు కూడా ఆ వీధిలో ఎక్కువమంది మిగల్లేదు. ఆ కొస నుంచి ఈ కొస దాకా మెల్లగా నడిచాను. ఇప్పుడు అమ్మ ఈ వీధిలో ఎటు నడిచినా అడ్డు చెప్పడానికి పడుగు లేదు. నడవడానికి అమ్మా లేదు.