మైకాయన మంచు ప్రయాణం

బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పే ఉద్యోగం కాబట్టి, ఊరంతా ఆయన్ని మైకాయన అనేది. ఆ గొంతు మహిమ వినని అభాగ్యులకు ఒక్క ముక్క చెబితే చాలు: ఒకసారి ఆయన మైకులో తుమ్మితే, ఎదురుగా ఆగి ఉన్న బస్సు దానంతటదే స్టార్టయింది. నమ్మకపోతే మానెయ్యండి. ఆ బస్సు డ్రైవరే ఒట్టేసి చెప్పాడు.

ఆ గొంతు "మరి కాసేపట్లో వచ్చును" అన్నదంటే జనం కిమ్మనకుండా కూర్చునేవారు. నిజానికి ఆ బస్సు ఎక్కడుందో, అసలు డిపోలోంచి బయటపడిందో లేదో ఆయనకే తెలియదు. చెప్పే నాథుడూ లేడు. అయినా మైకు ముందున్నవాడు తెలియదంటే పరువేం కాను? బస్సు కదిలే వేళ జనం బద్ధకిస్తుంటే "ఎర్రసంచీ దంపతులు వెంటనే రావలెను, మీకోసమే ఆగియున్నది" అని లేని దంపతుల్ని కేకేసేవాడు. దాంతో ఉన్నవాళ్లంతా కంగారుపడి గబగబా ఎక్కేసేవారు.

ఆయన భార్యకు ఒక్కటే కోరిక. కురిసే మంచు కింద నిలబడాలి. ఫ్రిజ్‌లో పేరుకున్న మంచు గరిటెతో గోకి కూతురి నెత్తిన చల్లి మురిసిపోయే మనిషి ఆమె. పెళ్లయిన ఇన్నేళ్లకు మైకాయనకు వారం సెలవు దొరికింది. తల్లీకూతుళ్లను వెంటబెట్టుకుని విదేశానికి బయలుదేరాడు.

దారిలో విమానం మారాల్సిన చోట గాలివాన వచ్చి అన్నీ తలకిందులయ్యాయి. హాలు నిండా జనం సూట్‌కేసులకు తల ఆనించి నేల మీదే పడుకున్నారు. మైకులో ఒకమ్మాయి, మంచు ఊరికి పోయే విమానం ఆలస్యమనీ, ప్రయాణికులు గేటు దగ్గరే ఉండాలనీ చెప్పింది.

మైకాయన ఠక్కున లేచాడు. "పదండి, ఏమైనా తినొద్దాం."

"ఇక్కడే ఉండమంటోంది కదండీ," అంది భార్య.

"నాకే పాఠం చెప్తావా? గేటు దగ్గరే ఉండమన్నారంటే తీరిగ్గా తిని, కాసేపు కునుకు తీసి రమ్మని అర్థం. ఈ భాష మాదేనే తల్లీ!"

"నాన్నా, బోర్డు మీద టైము మారుతోంది."

"మార్చేది మాలాంటోడేగా. ఖాళీగా ఉంటే ఏదో ఒకటి మారుస్తాం."

ఆ చివరికంటా నడిచి హోటల్లో కూర్చున్నారు. సూపు సగంలో ఉండగా మైకులో ఆయన పేరు, భార్య పేరు, కూతురి పేరు వరసగా, ఇంటిపేరుతో సహా గణగణ మోగాయి. పిల్ల చేతిలోంచి చెంచా జారిపోయింది.

"నాన్నా, మనల్నే!"

మైకాయన పాటకచేరీలో కూర్చున్నట్టు కళ్లు మూసుకుని తలూపాడు. "పలుకు బాగుంది. 'వెంటనే' దగ్గర ఇంకాస్త సాగదీస్తే అదిరిపోయేది. ఇదంతా మిగతావాళ్లని తోలడానికే చిట్టితల్లీ. ఏదో ఒక పేరు పట్టుకుంటారు."

"మన పేర్లే ఎందుకు పట్టుకుంటారు?" అంది భార్య.

"బాగున్నాయి కాబట్టి. నువ్వు తిను."

తిని, చెయ్యి కడుక్కుని, దారిలో కనిపించిన ప్రతి అద్దంలో క్రాఫు సరిచేసుకుంటూ గేటు దగ్గరికొచ్చాడు. కుర్చీలన్నీ ఖాళీ. అద్దం అవతల విమానం మెల్లగా వెనక్కి జరుగుతోంది. విమానం కదిలిందా, తనే వెనక్కి పోతున్నాడా మైకాయనకు అర్థం కాలేదు.

"గొంతు పోయేదాకా పిలిచాం సార్," అంది గేటు దగ్గరమ్మాయి బొంగురుగా.

"నిజంగా... మమ్మల్నే పిలిచారా?"

"మరెవర్ని పిలుస్తాం సార్? లేనివాళ్లనా?"

మైకాయన కొయ్యబారిపోయాడు. ఆయన్ని మించి కొయ్యబారింది ఆయన భార్య. విమానం కనుమరుగయ్యేదాకా చూసి, నెమ్మదిగా ఇటు తిరిగింది.

"అయితే బస్టాండులో మీరు లేనివాళ్లనే పిలుస్తారా?"

మైకాయన మళ్లీ క్రాఫు సరిచేసుకున్నాడు.

"పెళ్లికి ముందు మీ బస్టాండులో మా అమ్మతో సాయంత్రమంతా కూర్చున్నాను. మీరు కాసేపట్లో కాసేపట్లో అంటుంటే, ఈ మనిషికి అన్నీ తెలుసు, ఈయన చెప్పాక భయం లేదు అనుకున్నాను. మీ సంబంధం వస్తే ఆ గొంతు తలుచుకునే ఒప్పుకున్నాను. ఆ రోజు బస్సు ఎక్కడుందో మీకు తెలుసా?"

మైకాయన అడ్డంగా తలూపాడు.

మర్నాడు టికెట్ల కౌంటరు ముందు వంకరటింకర వరసలో నిలబడీ నిలబడీ ఎట్టకేలకు చేరారు. లోపలున్నావిడ తలెత్తకుండా చెప్పింది. "ఇవాళ రెండే సీట్లున్నాయి. ఆ తర్వాత ఈ వారమంతా ఏమీ లేవు."

మైకాయన గొంతు సవరించుకున్నాడు. కుటుంబమన్నాక కలిసే ఉండాలి, కావలిస్తే కలిసే వెనక్కి పోదాం అని గంభీరంగా ఒక ప్రకటన తయారైంది. అది బయటికి రాకముందే భార్య రెండు పాస్‌పోర్టులు కౌంటరు మీద పెట్టింది. ఒకటి తనది, ఒకటి కూతురిది.

ఆయన వాటిని చూశాడు. మూడోది ఏదీ అన్నట్టు ఆమె చేతి వంక చూశాడు. ఆ చెయ్యి ఖాళీగా ఉంది.

"ఏమే, మరి నేను?"

"పెద్ద పెట్టె మీ దగ్గరే ఉంచుకోండి. మా కోట్లు తీసివ్వండి చాలు."

మైకాయన అందరి కాళ్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని పెట్టె తెరిచాడు. భార్య కోటు తీశాడు. పిల్ల కోటు తీశాడు. కాసేపు ఆగి, తన కోటు కూడా తీసి పైకి చాచాడు.

"ఇదీ తీసుకెళ్లు. మందంగా ఉంటుంది."

ఆమె ఒక్క క్షణం చూసి అందుకుంది. తల్లీకూతుళ్లు వెనక్కి తిరిగి చూడకుండా గేటువైపు నడిచారు. మైకాయన తెరిచిన పెట్టె పక్కన అలాగే ఉండిపోయాడు. ఆయన కోటు మాత్రం భార్య చేతి మీద వేలాడుతూ మంచు చూడ్డానికి వెళ్లింది.