పెదనాన్న నీళ్ళ పొయ్యి

ముందుగా పాఠక మహాశయులకు మా ఇంటిల్లిపాది తరపున సాష్టాంగ క్షమాపణలు. మా పెదనాన్న పోయాడు. ఇలాంటప్పుడు పోయినవారి ఘనకార్యాలు చెప్పాలని నాకు తెలుసు. ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు. ఆయన ఊరికి రోడ్డు వేయించలేదు. ఏ ఎన్నికలోనూ నిలబడలేదు, కనీసం ఓడిపోనైనా లేదు. శాలువా కప్పించుకున్న ఫొటో కోసం బీరువాలన్నీ తిరగేశాం. దొరికినవాటన్నిటిలోనూ భుజం మీద తువ్వాలే. నాకు తెలిసి ఆయన నిత్యం చేసిన పని నీళ్ళు కాచడం. దాని గురించి చదవమని మీ విలువైన కాలాన్ని అడుగుతున్నందుకు ఎంతో సిగ్గుపడుతున్నాను.

పోయిన సంగతి కూడా మాకు నీళ్ళవల్లే తెలిసింది. ఆ పొద్దున మా అమ్మ బకెట్టు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, నీళ్ళు కాచే రాగి కాగు మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయింది. రాగి చల్లగా ఉంది. ఆ తరువాతే అందరం ఆయన మంచం దగ్గరికి పరిగెత్తాం.

మా ఇల్లు చోడవరానికి ఇవతల, చెరకు తోటల మధ్య ఉంటుంది. ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు, కోడళ్ళు, మనవలు, అందరికీ ఒకటే కప్పు. రేషను కార్డులు విడిపోయాయి గాని పెరడు విడిపోలేదు. పెద్దమ్మ ఏనాడో పోయింది. మోకాళ్ళు అరిగి, చేనుగట్లు ఎక్కలేకపోయిన ఏడాది పెదనాన్న నీళ్ళ పొయ్యి దగ్గర చేరాడు. ఎండు చెరకాకూ కొబ్బరిమట్టలూ పక్కన పేర్చుకుని, చీకటి ఉండగానే ముట్టించేవాడు. ఇంతమంది స్నానాలూ ఆ ఒక్క కాగులోంచే.

ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది ఆయన తీర్పు. వయసు చూసేవాడు కాదు. పరీక్ష ఉన్నవాళ్ళు, ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళు, విశాఖపట్నం బస్సు అందుకోవలసినవాళ్ళు ముందు. అంచేత ఎవరికి ఏ పని ఉందో ఆయనకి తెలిసి తీరాలి. “ఈ పూట ఎక్కడికిరా?” అన్న ప్రశ్నకి జవాబు చెప్పకుండా మా ఇంట్లో ఎవడూ శుభ్రపడలేదు.

ఒకసారి మా నాన్నకీ బాబాయికీ, చేనుకి ఎవరు ముందు నీళ్ళు కట్టాలన్న దగ్గర మాటలు పెరిగి, ఆ పైన మాటలే పోయాయి. మర్నాడు ఇద్దరూ చెరో బకెట్టుతో వచ్చి ఎడమొహం పెడమొహంగా నిలబడ్డారు. కాగు కుతకుతలాడుతోంది.

“ఇంకా కాగలేదు. కూకోండి,” అన్నాడు పెదనాన్న.

“పొగలొచ్చేస్తంటే కాగలేదంటావేటన్నా?” అన్నాడు బాబాయి.

“నీళ్ళు కాస్తంది నువ్వా నేనా? కూకో.”

కూర్చున్నారు. కాగులో నీళ్ళు సగం ఆవిరైపోతున్నాయి. చివరికి మా నాన్నే, పొయ్యి వైపు చూస్తూ, “ఒరే, ఆ మట్ట లోపలికి తొయ్యి, ఆరిపోతంది,” అన్నాడు. బాబాయి తోశాడు.

“ఆఁ, ఇప్పుడు కాగేయి. ఎల్లి పోసుకోండి.”

“వేన్నీళ్ళు పోసుకున్నోడు కొట్లాటకెల్లడ్రా,” అనేవాడు నాతో. ఈ సిద్ధాంతాన్ని ఏ విశ్వవిద్యాలయమూ పరీక్షించలేదు. మా ఇంట్లో మాత్రం చాలాకాలం పనిచేసింది.

నేను ఇంజనీరింగు మొదటి ఏడాది పరీక్ష తప్పిన పూట తలా ఒక ఉపన్యాసం దయచేశారు. ఆయన ఒక్కడే ఉపన్యాసం మానేసి పీట జరిపాడు.

“ఒరే గుంటడా, పొయ్యికాడ కూకో. ఇక్కడైతే కళ్ళంట నీళ్ళొచ్చినా పొగనుకుంతారు.”

కూర్చున్నాను. పొగ చాలా ఎక్కువగా ఉందా రోజు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మా వదినకి కూడా ఆ పీటే చూపించాడని ఈమధ్యే తెలిసింది. నా ఒక్కడికే అనుకుని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను.

నిరుడు చలికాలం ముందు బాబాయి గీజరు కొన్నాడు. ఇంట్లో చంటిపిల్లలున్నారు, ఎవరూ తప్పుపట్టలేరు. పెదనాన్న కూడా, “మంచిదేరా, మట్టలు మిగుల్తాయి,” అన్నాడు. స్విచ్చి నొక్కితే ఎర్రలైటు వెలిగేది. ఎక్కడికని అడిగేది కాదు. అందరికీ అదే సుఖంగా ఉండేది, నాతో సహా. పెరట్లో పొయ్యి మాత్రం రోజూ వెలుగుతూనే ఉంది.

“ఇంకెందుకండీ బావగారూ, ఈ సలిలో?” అంది మా అమ్మ.

“అలవాటమ్మా. ఎవరైనా వత్తారేమోనని.”

నెల తిరక్కుండానే గీజరు పడకేసింది. నేను చదివింది ఎలక్ట్రికల్. మా ఇంట్లో ఫ్యాను కిర్రుమన్నా నన్నే పిలుస్తారు. పరీక్షించి, తల అడ్డంగా ఊపి, “లోపల కాయిలు పోయింది. ఎవరూ ముట్టుకోకండి, షాకు కొడుతుంది. కంపెనీవాడే రావాలి,” అని గంభీరంగా సెలవిచ్చాను. నా డిగ్రీకి దక్కిన గౌరవమంతా ఆ రోజే దక్కింది. బాబాయి కంపెనీని తిట్టాడు. మర్నాటి నుంచి బకెట్లన్నీ మళ్ళీ పెరట్లోకి వచ్చాయి.

కొన్నాళ్ళకి పెదనాన్న, ఊదుగొట్టం పక్కన పెట్టి, నెమ్మదిగా అడిగాడు.

“ఒరే ఇంజినీరూ, ఆ కంపెనీవోడు వత్తాడంటావేటి?”

“వస్తాడు పెదనాన్నా.”

“తొందరేటి లేదులే. ఆడికెన్ని ఊళ్ళున్నాయో, పాపం.”

ఇప్పుడు ఎవరి నీళ్ళు వాళ్ళు గ్యాసు మీద కాచుకుంటున్నారు. నిన్న బస్సెక్కి అనకాపల్లి దాటాక గానీ నాకు తట్టలేదు, నేనెక్కడికి వెళుతున్నానో ఇంట్లో ఎవరికీ తెలియదని. గీజరు సంగతి చూడమని అమ్మ రోజూ పోరుతోంది.

కాబట్టి ఒప్పుకుంటున్నాను. ఆ గీజరుకి ఏ రోగమూ లేదు. కంపెనీకి నేను ఫోను చేయనే లేదు.

గీజరు పడకేసిందన్న పొద్దున, ఎర్రలైటు మిణుకుమంటోందంటే చూద్దామని టెస్టరు పట్టుకుని స్టూలెక్కాను. అంత ఎత్తునుంచి వెంటిలేటరులో పెరడు కనిపిస్తుంది. కాగు నిండా నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. బకెట్టుతో ఎవరూ లేరు. పెదనాన్న మా గేదెదూడని పొయ్యి దగ్గరికి తోలుకొచ్చి, వేన్నీళ్ళలో చన్నీళ్ళు కలిపి, వేలు ముంచి చూసుకుని, దాని వీపు మీద చెంబుతో పోస్తున్నాడు.

“వేడి సరిపోయిందేటే?” అని అడుగుతున్నాడు దాన్ని.

నేను మెయిను ఆపి, గీజరు వైరు పీకి, కొసలకి నల్లటేపు చుట్టి, అప్పుడు స్టూలు దిగాను.