ఆకు తిప్పమన్న టీచరమ్మ

టీచరమ్మ పోయారు. మంగళవారం పొద్దున నేను మిరప చేలో ఉండగా బొల్లాపల్లి బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్, టీచరమ్మ లేరంటరా. నిద్దట్లోనే పోయారంట" అన్నాడు. చేతిలో ఉన్న మందు సీసా గట్టు మీద పెట్టేసి గురజాల ఆటో ఎక్కాను. ఆ సీసా సంగతి తరువాత చెబుతాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ఆవిడ గురజాలలో మాకు సైన్సు చెప్పారు. రిటైరయ్యాక కూడా పాఠం ఆపలేదు. బళ్లో పిల్లలకు బదులు మిరప రైతులు వచ్చారంతే. ఒక కంపెనీవాళ్ల యాప్‌లో రైతులు మాట్లాడుకునే చోటు ఉండేది. తెగులు పట్టిన ఆకు ఫొటో అక్కడ పెడితే, తెలిసినవాళ్లు జవాబు చెప్పేవాళ్లు. అందులో మిరప భాగాన్ని టీచరమ్మ, బొల్లాపల్లి బాబాయి, ఎడ్లపాడు నుంచి ఒక అక్క కలిసి చూసుకునేవాళ్లు. ఎవరికీ జీతం లేదు. ఆవిడకు టైపు చేయడం చేతకాదు, అంతా వాయిస్ మెసేజిలే. వెనకాల కుక్కర్ కూత, ఆదివారమైతే చర్చిలో పాట, మధ్యలో ఆవిడ గొంతు.

ఎవరు ఏ ఫొటో పెట్టినా ముందు ఒకటే మాట. "ఆకు తిప్పు." మిరపాకు ముడుచుకుందంటే పైనుంచి చూసి ఏదీ చెప్పలేం. తామర పురుగుకు ఒక ముడత, ఎర్రనల్లికి ఒక ముడత. ఒకదాని మందు రెండోదానికి కొడితే పురుగు చావదు, చేను మాత్రం దెబ్బ తింటుంది. అది తేలేది ఆకు అడుగున. అందుకే అడుగు చూడకుండా ఎంత మొత్తుకున్నా మందు పేరు చెప్పేవారు కాదు. ఒకసారి నేను తొందరపడి పైవైపు ఫొటోలే నాలుగు పెట్టాను. "ఏందిరా ఇది, పెళ్లిచూపుల ఫొటోలా ముందువైపే తీశావు? తిప్పరా ఆకు!" అని అందరూ వినేట్టు తిట్టారు. నాకిద్దరు పిల్లలని కూడా చూడలేదు.

థాంక్స్ చెబితే అసలు పడేది కాదు. "దండాలు పెట్టి దారికి అడ్డం పడబాకండి. వెనక ఇంకొకడు ఏడుస్తున్నాడు, వాడి ఆకు చూడనివ్వండి" అనేవారు. సంచిలో ఎప్పుడూ ఒక భూతద్దం, చేతిరుమాలులో చుట్టి ఉండేది. పెళ్లికి వెళ్లినా అది ఉండాల్సిందే.

తరువాత కంపెనీవాళ్లు తమ అసలు రంగు చూపించారు. మొదట జవాబుల మధ్య పురుగుమందుల ప్రకటనలు పెట్టారు. సరే, బతకాలి కదా అనుకున్నాం. తరువాత పాత జవాబులకు తాళం వేసి, డబ్బు కడితేనే చూపిస్తామన్నారు. అవి ఎవరి జవాబులు? జీతం లేకుండా మోకాళ్ల నొప్పులతో కూర్చుని ఈవిడ చెప్పినవి. ఆపైన ఆ జవాబులన్నీ ఒక మెషీన్‌కి మేపి, ఇక అదే జవాబు చెబుతుందన్నారు. అది ఆకు తిప్పమని అడగదు. ఫొటో పెట్టీ పెట్టగానే మందు పేరు, పక్కనే కొనే మీట. పైగా టీచరమ్మకు 'బంగారు నిపుణురాలు' అని ఫోన్‌లో ఒక బిళ్ల పంపారు. ఆవిడ దాన్ని చూసి, ఫోన్ బల్ల మీద పెట్టి, పెరట్లోకి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చారు. "ఛీ, జిడ్డు" అన్నారు. నేను అక్కడే ఉన్నాను.

చూసుకునే ముగ్గురూ నిరసనగా మిరప భాగాన్ని మూడు రోజులు మూసేశారు. నాలుగో రోజు కంపెనీ ఆ ముగ్గురినీ తీసేసి తన మనుషుల్ని కూర్చోబెట్టింది. ముందు ఒక ముక్క చెప్పలేదు, అడగలేదు. కొన్నేళ్లు చాకిరీ చేయించుకుని గెంటేశారు. సిగ్గులేని మందకి సభ్యత ఎక్కడుంటుంది?

అప్పుడు టీచరమ్మ, "పదండి, పోదాం" అన్నారు. ఎడ్లపాడు అక్క కంప్యూటర్లు తెలిసిన మనిషి. ఆవిడ దారి చెప్పింది. గురజాలలో టీచరమ్మ ఇంట్లో మెట్ల కింద ఒక కంప్యూటర్, బొల్లాపల్లిలో ఒకటి, ఎడ్లపాడులో ఒకటి. మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఫోన్‌లోంచి ఒకచోట పెట్టిన ఫొటో, మాట మిగతా రెండుచోట్లా ఉంటాయి. దేనికీ యజమాని లేడు. "ఇదెందుకు మేడం ఇంత గోల, ఒకటి చాలదా?" అని అడిగాను. "ఒక్కడి చేతిలో తాళం పెట్టి చూశాం కదరా. ఈసారి ఊరికో తాళం" అన్నారు.

వదిలి రావడంలో మావాళ్లు చేసిన పని మాత్రం చెప్పుకుని తీరాలి. "యాప్ వదిలేయండి" అంటే అందరూ ఫోన్‌లో ఆ బొమ్మను నొక్కి తీసేసి, "వచ్చేశాం మేడం" అని చెప్పారు. ఇంట్లో దేవుడి పటం గోడ మీంచి దింపితే దేవుడు ఊరు వదిలి పోతాడా? ఖాతాలు అక్కడే ఉన్నాయి, పేర్లు అక్కడే ఉన్నాయి. కంపెనీవాడు 'మా దగ్గర ఇంతమంది రైతులు' అని వాళ్లనే చూపించుకున్నాడు. పాపం టీచరమ్మ వరండాలో బెంచీ వేసుకుని, ఒక్కొక్కరి ఫోన్ తీసుకుని, యాప్ మళ్లీ ఎక్కించి, లోపలికెళ్లి ఖాతా చెరిపించి పంపారు. ప్రతివాడికీ స్టీలు గ్లాసులో టీ. తన జవాబులు మాత్రం ఆవిడే ఒక్కొక్కటి కొత్త చోటికి ఎక్కించి, పాత చోట చెరిపారు. దానికి నెలలు పట్టింది. చెరపడం పూర్తయిన వారానికి కంపెనీవాళ్లు 'రైతుల మేలు కోసం' అని అన్నిటినీ తిరిగి పెట్టేశారు. పేరుతో సహా. ఆవిడ మళ్లీ పెరట్లోకి వెళ్లి చేతులు కడుక్కున్నారు.

నన్ను కూడా అడిగారు. "ఒరేయ్, నువ్వు వచ్చావా?"

"వచ్చేశా మేడం" అన్నాను.

అబద్ధం. కొత్త చోట ఉన్నాను, కానీ పాత ఖాతా తీయలేదు. కొత్త చోట మనుషులు తక్కువ, జవాబుకి సాయంత్రం దాకా ఆగాలి. పాత దాంట్లో చిటికెలో వస్తుంది. మొన్న సోమవారం నా చేలో ఆకు ముడుచుకుంది. కొత్త చోట ఫొటో పెట్టాను, పైవైపుదే. మధ్యాహ్నానికి కూడా జవాబు రాలేదు. ఓపిక లేక పాత యాప్‌లో పెట్టాను. రెండు నిమిషాల్లో వచ్చింది. 'టీచరమ్మ గారి సలహా: తామర పురుగు. ఈ మందు కొట్టండి.' అది ఆవిడ కాదని, ఆవిడ పేరు తగిలించుకున్న మెషీనని నాకు తెలుసు. తెలిసి కూడా వెళ్లి సీసా కొనుక్కొచ్చాను. మంగళవారం పొద్దున నా చేతిలో ఉన్నది అదే.

నేను గురజాల చేరేసరికి ఇంట్లో ఆవిడను ఫ్రీజర్ పెట్టెలో పడుకోబెట్టారు. చెల్లెలు మద్రాసు నుంచి రావాలని బుధవారం దాకా ఉంచారు. పెట్టెకు ప్లగ్గు కావాలంటే దగ్గర్లో ఒక్కటే ఉందట, మెట్ల కిందది. బంధువులెవరో కంప్యూటర్ తీగ పీకేసి పెట్టెది గుచ్చారు. వాళ్లకేం తెలుసు. చల్లబడిపోయిన ఆ డబ్బాను, దాని పక్కన ఆవిడను చూస్తే నాకు దుఃఖం ఆగలేదు. అంతా పోయిందనుకున్నాను.

బుధవారం సమాధుల దగ్గర ప్రార్థన అయ్యాక, అందరం మట్టి వేసి ఆటోలో వెనక్కి వస్తున్నాం. నా ఫోన్ మోగింది. పాత యాప్.

'టీచరమ్మ గారు అడుగుతున్నారు: మందు కొట్టారా? రెండో సీసాపై తగ్గింపు.'

నా గోళ్లలో ఇంకా ఆవిడ సమాధి మన్ను ఉంది. పక్కన బాబాయి చదివి, "థూ, శవాన్ని కూడా బేరానికి కూర్చోబెట్టారు కదరా ఎదవలు" అన్నాడు. తరువాత నా వంక చూశాడు. "నువ్వింకా అందులోనే ఉన్నావంట్రా?"

టీచరమ్మ నేర్పినట్టే, లోపలికెళ్లి, అడిగిన ప్రతి ప్రశ్నకూ అవునని నొక్కి, ఖాతా చెరిపాను. ఆటో గురజాల సెంటరుకి వచ్చేసరికి అయిపోయింది. ఎంత సేపని! ఆవిడ ఉండగా అంత చిన్న పని చేయలేకపోయాను. కంపెనీవాడి మీద నాకెంత రోతో, నా మీద నాకు అంతకు తక్కువ లేదు.

"మన దాంట్లో చూడు. మొన్న నీకేదో చెప్పినట్టున్నారు" అన్నాడు బాబాయి.

"ఆ కంప్యూటర్ పీకేశారు కదా బాబాయ్."

"గురజాలది పీకారు. బొల్లాపల్లిది నా ఇంట్లోనే ఉంది, తిరుగుతానే ఉంది. చానా మాట్లాడబాక, తెరువు."

తెరిచాను. సోమవారం సాయంత్రం పెట్టిన వాయిస్ మెసేజి ఉంది. నేను మందుల కొట్టు దగ్గర ఉన్న వేళ అది. గొంతు నీరసంగా ఉంది, వెనకాల కుక్కర్ కూయలేదు. "ఆకు తిప్పి పెట్టరా. కళ్లద్దాలు దగ్గర పెట్టుకునే ఉన్నా. చూసి చెబుతా."

మా ఊళ్లో ఆటో దిగి, ఇంటికి పోకుండా చేలోకి నడిచాను. గట్టు మీద సీసా అలాగే ఉంది. పొద్దు ఇంకా ఉంది. ముడుచుకున్న ఆకొకటి పట్టుకుని, మెల్లగా తిప్పి, వెలుగుకు ఎత్తి చూశాను. అడుగున నడిమి ఈనె వెంట ఎర్రటి చుక్కలు. చూస్తుంటే కదిలాయి. నల్లి. తామర పురుగు కాదు.

ఫొటో తీసి ఆవిడ మాట కిందే పెట్టాను. ఆ తరువాత కూడా చాలాసేపు ఆకును అట్లాగే వెల్లకిలా పట్టుకుని నిలబడ్డాను, చూసి చెబుతానన్నారు కదా.