చింతపండు షర్బతు, సగం గ్లాసు

కఫ్ర్ అల్-సమార్ ఊళ్ళో మత్వల్లీని తిట్టేవాళ్ళు కూడా అతను నేసిన తుంగచాప మీదే కూర్చుని తిట్టాలి. అంత పనివాడు. పనివాడికి పొగరు ఉంటుంది, ఇతనికి ఒక పాలు ఎక్కువే ఉండేది. అది లేకపోతే ఈ గొడవ రెండు రోజుల్లో తేలిపోయేది.

మంగలి షహాతాదీ అతనిదీ చిన్ననాటి స్నేహం. ఒకే కాలవలో ఈతలు కొట్టారు, కాలవలోని పురుగును ఇద్దరూ ఒంట్లోకి ఎక్కించుకున్నారు, దాన్ని చంపడానికి బళ్ళో ఒకే సూదితో పొడిపించుకున్నారు. ఆ సూదులే ఊళ్ళో ఎందరికో కాలేయం జబ్బు అంటించాయి. షహాతా అదృష్టవంతుడు, తప్పించుకున్నాడు. మత్వల్లీ కాలేయం గట్టిపడిపోయింది. సర్కారు మాత్రలతో వైరస్ పోయింది గానీ, మంట ఆరినంత మాత్రాన కాలిన ఇల్లు మళ్ళీ లేచి నిలబడదు కదా.

ఊరికి ఈ తేడాలు పట్టవు. మత్వల్లీకి గీసిన కత్తి మాకొద్దంటూ షహాతా కొట్టుకు గిరాకీ తగ్గింది. భయం పట్టుకున్న మనిషి నోరు ఊరుకోదు. ఒక చలికాలపు మధ్యాహ్నం బరకాత్ కాఫీ కొట్లో, నలుగురూ వింటుండగా షహాతా అనేశాడు.

"వీడికి గ్లాసు వేరేగా పెట్టవయ్యా."

అప్పటిదాకా ఆ ఇద్దరికీ ఒకటే గ్లాసు టీ. సగం ఇతను, సగం అతను. పంచదార చాల్లేదని షహాతా రోజూ సణిగేవాడు, రోజూ అడుగంటా తాగేవాడు.

"వేరే గ్లాసెందుకురా, వేరే ఊరే చూసుకుంటా," అని మత్వల్లీ లేచాడు. ఊరు వదల్లేదు గానీ ఆ కొట్టు గడప మళ్ళీ తొక్కలేదు.

భార్య నజాఫా పోయాక ఆ ఇంట్లో మగ్గం చప్పుడు తప్ప మాట లేదు. ఇప్పుడు బయట కూడా లేదు. జబ్బు కోసం ఉప్పు లేకుండా ఉడికించిన చిక్కుడు గింజలు నోట్లో మట్టిలా తిరిగేవి. పొద్దు వాలితే కళ్ళకు గుడ్డ కట్టినట్టు ఉండేది. వయసు మీద పడిందనుకున్నాడు. చూపు లేని నేతగాడికి పనెవరిస్తారని ఎవరికీ చెప్పలేదు, వెలుతురు ఉండగానే ఇల్లు చేరేవాడు. మనసులో ఒకటే కోరిక, షహాతా ఒక్కసారి రావాలి. వాడొస్తే మాట్లాడదామనుకున్నాడు. కానీ ముందు వాడు రావాలి.

రంజాన్‌లో ఒకనాడు మసీదులో కొత్త చాప పరిచి బయటికొచ్చేసరికి ఆలస్యమైంది. వీధిలో ఉండగానే ఉపవాసం విడిచే మగ్రిబ్ అజా మోగింది. ఆ వేళకు ఊళ్ళోవాళ్ళు దారిలో నిలబడి, పోయేవాళ్ళ చేతిలో ఖర్జూరమో చింతపండు షర్బతో పెడతారు. పెట్టింది కాదనేవాడు ఆ ఊళ్ళో పుట్టలేదు. గోడ తడుముకుంటూ పోతున్న మత్వల్లీకి మైకు హోరు తప్ప ఏమీ వినబడలేదు, చేతిలో ఎవరూ ఏమీ పెట్టలేదు. 'ఒక్క ఖర్జూరానికి కూడా పనికిరానన్నమాట' అనుకున్నాడు. ఇంటికెళ్ళి ఏడ్చాడు. చూసేవాళ్ళు లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాడు.

మర్నాటి నుంచి ఊరు అతనికి సలాం చెప్పడం మానేసింది. పండక్కి ఏ ఇంటి నుంచీ పళ్ళెం రాలేదు. అసలే ఒంటరివాడు, పైన వెలి కూడానా!

పండగ వెళ్ళాక పట్నంలో కాలేయం డాక్టరమ్మ అతని రక్తపరీక్ష కాగితాలు చూస్తూ అడిగింది. "పెద్దాయనా, పొద్దు వాలాక తలుపులు తగులుతున్నాయా?"

"తలుపులేంటమ్మా, గాడిదలు కూడా తగులుతున్నాయి."

ఆమె నవ్వింది. "ఇది రేచీకటి. వయసు కాదు. విటమిన్ ఎ దాచిపెట్టేది కాలేయమే. మీ కాలేయం దాచలేకపోతోంది. జింకు కూడా తగ్గింది, నోటికి రుచి తెలీనిదీ అందుకే కావచ్చు."

"క్యారెట్లు తింటే పోదా?"

"తినండి, కానీ వాటితోనే పోదు. మాత్రలు నేనిచ్చినవే, నేను చెప్పినన్నే వేసుకోండి. విటమిన్ ఎ ఎక్కువైతే కాలేయానికే చేటు. చూపు తేరుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది."

వెళ్ళబోతూ ఆగాడు. "నేను తాగిన గ్లాసులో ఇంకొకరు తాగితే..."

"ఏమీ కాదు. వైరస్ ఉన్నప్పుడు కూడా గ్లాసుతో అంటేది కాదు."

ఇంకోసారి చెప్పమ్మా అని అడిగి విన్నాడు.

ఆ వారంలోనే బరకాత్ చాప కోసం వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నీ పని చూసి వచ్చా బాబాయ్, నీ మొహం చూసి కాదు."

"నేనేం చేశాన్రా?"

"ఏం చేశానంటావా! రంజాన్‌లో, నడివీధిలో, అజా మోగుతుంటే, షహాతా సగం షర్బతు తాగి మిగతా సగం నీ మొహం ముందు పెట్టాడు. వేరే గ్లాసు కాదు, వాడు తాగిందే! నువ్వు గోడనైనా ముట్టావు గానీ వాడి చెయ్యి ముట్టలేదు. ఊరంతా చూసింది."

"వాడు... నోరు తెరిచి ఒక్క మాటన్నా అన్లేదేం?"

"నీకొక్కడికేనా పొగరు? షర్బతు నేల మీద పారబోసి, తల దించుకుని ఇంటికి పోయాడు."

మత్వల్లీ చేతిలోని తుంగపోచను పక్కన పెట్టాడు. తాను రోజూ ఎదురుచూసిన మనిషి వచ్చాడు, నిలబడ్డాడు, తానే పక్కనుంచి దాటిపోయాడు. బరకాత్‌కు మాత్రం తన కళ్ళ సంగతి చెప్పలేదు. ఆ మాట వేరే నోటి మీదుగా పోకూడదనుకున్నాడు.

ఆ సాయంత్రం వెలుతురు ఉండగానే బరకాత్ కొట్టుకు వెళ్ళి, షహాతా రోజూ కూర్చునే బల్ల దగ్గర కూర్చున్నాడు. ఒక్క టీ చెప్పాడు. పొద్దు వాలింది. పైన బల్బు పసుపు మరకలా మిగిలింది, మిగతాదంతా చీకటి. మంగలి కొట్టు కట్టేసి వచ్చే షహాతా చెప్పుల చప్పుడు బల్ల దాకా వచ్చి ఆగింది.

"షహాతా, నువ్వేనా? నీకేసి చూస్తున్నానో గోడకేసి చూస్తున్నానో నాకు తెలీదు. పొద్దు వాలితే నాకు కళ్ళు కనపడవు. కాలేయం జబ్బు వల్లేనట. ఆ రోజు నీ చెయ్యి నాకు కనపడలేదురా."

మత్వల్లీ టీ సగం తాగి, గ్లాసు బల్ల మీద ముందుకు తోశాడు. చాలాసేపు కూర్చున్నాడు. బయట ఎవరిదో బండి పోయింది. వాడు వెళ్ళిపోయాడనుకున్నాడు, వెళ్ళిపోవడంలో తప్పు కూడా లేదనుకున్నాడు. లేవబోతూ, డబ్బులతో పాటు గ్లాసు కూడా ఇచ్చేద్దామని చీకట్లో తడిమాడు. గ్లాసు దొరికింది. ఖాళీగా ఉంది.

"ఇంకో చెంచా పంచదార వేయించలేకపోయావురా, పిసినారి వెధవా?" అన్నాడు ఎదురుగా షహాతా.