అత్తగారు రుచి చూసిన జిన్ను

మొన్న పక్కింటి గుమాస్తాగారింట్లో పెళ్లిచూపులకి వచ్చినవాళ్లకి పంపర పనస రసంలో పటికబెల్లం పాకం కలిపి గాజు గ్లాసుల్లో ఇచ్చారు. నాకూ ఒకటి పంపారు. రెండు గుక్కలు తాగి కింద పెట్టేశాను. బాగాలేక కాదు. ఆ పులుపు నాలిక్కి తగిలేసరికి ధవళేశ్వరంలో మా అత్తవారి వంటింటి అరుగు గుర్తొచ్చింది.

మా మామగారు అక్కడ కాలవల దొరగారి బంగళాలో వంటమనిషి. ఆనకట్ట కట్టి పాతికేళ్లు దాటిన రోజులవి. ముళ్లు ఏరుకోవడం చేతకాని దొరలు కూడా ఆయన పులస పులుసు కోసం గొంతులు పణంగా పెట్టేవారు. దొరసానిగారికి మాత్రం పులుసు కన్నా సాయంత్రం పానీయం మీదే పట్టింపు. అనాస ముక్కలు, పంపర పనస రసం, నిమ్మరసం, పాకం, వాటిలో జిన్ను అనే సీమసారా పోసి, తడిబట్ట చుట్టిన కూజాలో చల్లబరచాలి. చిక్కేమిటంటే, బాప్తిస్మం పుచ్చుకున్ననాడే మామగారు సారా జాతిది ఏదీ నాలిక మీద పెట్టనని సంఘం ముందు ప్రమాణం చేశారు. అత్తగారూ చేశారు. ఆవిడ ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకి వాక్యం చెప్పే మనిషి. ఆవిడ వీధిలోకి వస్తున్నారంటే తాగి ఉన్న మగవాళ్లు పెరటిదారి పట్టేవారు.

అందుకని మామగారు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇంట్లో అన్నీ కొలత ప్రకారం కలిపి, జిన్ను పడవలసిన చోట అన్నే నీళ్లు పోసి, అత్తగారికీ కొత్తకోడలినైన నాకూ చెరో గ్లాసు ఇచ్చేవారు. మేం పులుపంటే పాకం పెంచేవారు. కుదిరిందన్నాక ఆ కొలతలు నాచేత కాయితం మీద రాయించుకుని బంగళాకి వెళ్లేవారు. జిన్నుకి తనదంటూ ఒక రుచి ఉంటుందని ఆయనకి తెలియక కాదు, వేరే దారి లేక. చివరికి ఒక విందులో దొరలు తలో గుక్క తాగి గ్లాసులు పక్కన పెట్టేశారు. మళ్లీ ఇలా అయితే మద్రాసు నుంచి వంటవాణ్ణి రప్పిస్తానని దొరసానిగారు చెప్పేశారు. ఇరవై ఏళ్ల కొలువు. మామగారికి అన్నం సయించలేదు.

తరవాతి విందు రోజు పొద్దున్నే అరుగు మీద కూర్చుని కలిపి, అత్తగారికొక్కరికే గ్లాసు ఇచ్చారు. నేను చెయ్యి చాపితే, "నీకొద్దులేమ్మా, ఆ దగ్గు తగ్గనీ" అన్నారు. అత్తగారు ఒక గుక్క తాగి మామగారి మొహంకేసి చూశారు.

"చేదుగా ఉందండీ. పాకం ఇంకో రెండు గరిటెలు పడాలి."

పోశారు. ఆవిడ మళ్లీ తాగి, "ఇప్పుడు కుదిరిందండీ" అని గ్లాసు ఖాళీ చేశారు. ఆ సాయంత్రం బంగళాలో కూజా రెండుసార్లు నింపవలసి వచ్చిందట. మద్రాసు మాట మళ్లీ వినబడలేదు.

ఆదివారం ఆరాధనలో మామగారు లేచి నిలబడ్డారు. "నా కొలువు కోసం, నీళ్లేనని నమ్మించి, నా భార్య చేత జిన్ను తాగించానండి. ఆమె తప్పేం లేదు" అన్నారు. పాదిరిగారు ఆయన్ని మూడు నెలలు ప్రభువు బల్ల రొట్టెకి దూరంగా ఉంచారు. ఆయన వెనక చాప మీద కూర్చునేవారు. అత్తగారు ఎప్పటిలాగే ముందుకెళ్లి రొట్టె పుచ్చుకునేవారు. అందరూ ఆవిడ మీద జాలిపడ్డారు. నేనూ పడ్డాను, మామగారి మీద కోపం కూడా తెచ్చుకున్నాను.

మామగారు పోయాక ఒక మధ్యాహ్నం ఇద్దరం బియ్యంలో రాళ్లు ఏరుతున్నాం. అత్తగారు తల ఎత్తకుండా చెప్పారు.

"మొదటి గుక్కకే తెలిసిపోయిందమ్మా. నీళ్లెక్కడన్నా గొంతు మండిస్తాయా? ఆయన మొహం చూసి తాగేశాను. ఆదివారం ఆయన లేస్తే నేనూ లేద్దామనుకున్నాను. కాళ్లు రాలేదు."

అంతే అన్నారు. నేను చేట ఇంకోసారి చెరిగాను. ఇప్పుడు ఆవిడా లేరు. మామగారి శిక్షకి పాదిరిగారు గడువు పెట్టారు, అది మూడు నెలల్లో తీరిపోయింది. అత్తగారికి ఎవరూ గడువు పెట్టలేదు, అందుకే ఆ శిక్ష ఆవిడ ఉన్నన్నాళ్లూ నడిచింది.