కీ తిప్పే మనిషి

పోయిన వారం ఒక జీపుకు వైర్‌లెస్ సెట్టు బిగించాను. ఒక్కదాన్నే. డ్యాష్‌బోర్డు కింద దూరి వైరు కలపడం, బయటికి వచ్చి కీ తిప్పడం, లైటు చూడడం, మళ్ళీ దూరడం. నా మోకాళ్ళు గోల పెట్టాయి. ఈ పనికి ఇద్దరు కావాలి, కింద ఒకరు, సీట్లో ఒకరు. సోమందేపల్లిలో హైవే పక్కనున్న మా బండ్ల వైరింగు షాపులో ఏళ్ళ తరబడి సీట్లో మనిషిని నేను. కింద ఉండేది మా ఆయన. ఆయన పోయి రెండేళ్ళయింది.

కింద నుంచి ఆయన "కీ!" అని అరిచేవాడు. నేను తిప్పేదాన్ని. లైటు వెలిగితే "వచ్చె" అనాలి, ఆరితే "పోయె" అనాలి. పొద్దంతా అదే పాట. పక్కన టీ కొట్టువాళ్ళకు మేం మంచి కాలక్షేపం. "ఏమప్పా, ఈ పొద్దు వచ్చెనా పోయెనా?" అని ఆయన్ని ఆటపట్టించేవాళ్ళు.

ఆయన హిందూపురంలో పని నేర్చుకున్న మనిషి. నేను ధర్మవరం మగ్గాల ఇంటి పిల్లను. తెగిన పోగులు అతికి అతికి అలవాటైన వేళ్ళు నావి. వైరుకు నేను అతుకు వేస్తే లాగినా ఊడదు. చూసి చూసి ఏ వైరు ఎక్కడికి పోతుందో కూడా నేర్చుకున్నాను. ఆ సంగతి ఆయనకు పట్టలేదు. నేనూ ఎప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు.

పదేళ్ళ కిందట మా అన్న ధర్మవరంలో గృహప్రవేశం చేశాడు. భోజనాల దగ్గర మా వదిన, "మా ఆడబిడ్డ గూడా షాపులో పని చేస్తాది" అని గొప్పగా చెప్పింది. మా ఆయన నవ్వి, బంతిలో అందరూ వింటుండగా, "ఆయమ్మకేం తెలుసు, కీ తిప్పేది తప్ప" అన్నాడు. అందరూ నవ్వారు. మా అన్న కూడా నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ రోజు నుంచి మాటలు బంద్. అన్నం పెట్టేదాన్ని, మాట్లాడేదాన్ని కాదు. ఆయనేం తక్కువ తిన్నాడా, "ఏమే" అని పిలవడం కూడా మానేశాడు. తొమ్మిదో రోజు పొద్దున బ్యాగు సర్దుకున్నాను. సాయంత్రం బస్సుకు మా అమ్మ దగ్గరికి పోవాలి. నా పని ఏమిటో నలుగురిలో ఆయనే ఒప్పుకునేదాకా తిరిగి రాకూడదు. ఒట్టి బెదిరింపు కాదు, నిజంగానే అనుకున్నాను.

ఆ రోజే గాలిమరల దగ్గర పనిచేసేవాళ్ళ జీపులు రెండు వచ్చాయి. ఆ గుట్టల్లో ఫోన్లు పలకవు, అందుకని రెండింటికీ సెట్లు బిగించాలి. సెట్టుకు మూడు వైర్లు. ఎర్రది ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి, నల్లది ఎర్తుకు. మూడోది సన్నది, కీ లైనుకు. కీ వేశారో తీశారో సెట్టుకు చెప్పేది ఆ సన్న వైరే. దాన్ని తప్పు చోట కలిపితే కీ తీసినా సెట్టు మేలుకునే ఉండి బ్యాటరీని తాగేస్తుంది. నాలుగు రోజులు నిలబెడితే బండి ఇక స్టార్టు కాదు.

ఆయన కింద దూరి "కీ!" అన్నాడు, గాలికి చెప్పినట్టు. నేను తిప్పి, నోరు తెరవకుండా హారన్ కొట్టాను. ఒకటి కొడితే వచ్చె, రెండు కొడితే పోయె. టీ కొట్టంతా పడీ పడీ నవ్వింది. ఆయన ముఖం కందగడ్డ అయింది. ఆ ఉక్రోషంతో రెండో జీపులో కీ వేయించి చూశాడే గానీ, తీయించి చూడలేదు. మళ్ళీ రెండు హారన్లు ఎక్కడ వినాల్సి వస్తుందో అని.

మాట ఎంత దూరం అందుతుందో చూడాలని, మొదటి జీపులో డ్రైవరుతో కలిసి పెనుకొండ వైపు పోయాడు. నేను రెండో జీపులో ఉండిపోయాను. అలవాటు కొద్దీ కీ తీశాను. సెట్టు మీద పచ్చ లైటు ఆరలేదు. వంగి చూస్తే సన్న వైరు హారన్ ఫ్యూజు దగ్గర ఉంది.

అబద్ధమెందుకు, నాకు సంతోషమే వేసింది. చెప్పకుండా బస్సెక్కితే చాలు, జీపు గుట్ట మీద మొండికేస్తుంది, ఆయన పేరు పోతుంది. ఆ వెంటనే ఈ జీపు డ్రైవరు గుర్తొచ్చాడు. పొద్దున అక్కా అని పిలిచి టీ తెచ్చిచ్చాడు. ఆ గుట్టల్లో చిక్కుకునేది అతనే.

సెట్టు గరగరమంది. "ఇనపడతాందా?" అని ఆయన గొంతు. తొమ్మిది రోజుల తర్వాత నన్ను అడిగిన మొదటి మాట.

ఆ సెట్టులో ఒక గుణముంది. ఒకరు బొత్తాం నొక్కి మాట్లాడుతుంటే రెండోవాళ్ళు వినాల్సిందే, మధ్యలో దూరలేరు. పెళ్ళయినప్పటి నుంచి నా మాటకు అడ్డం రాకుండా ఆయన ఉన్నది లేదు. నేను మైకు తీసి బొత్తాం నొక్కాను. వదల్లేదు.

"ఇనపడతాంది. సన్న వైరు హారన్ ఫ్యూజుకు కలిపినావు. ఆడ కీ తీసినా కరెంటుంటాది. వైపరు ఫ్యూజుకు కలపల్ల. కీ తిప్పేది తప్ప ఏం తెలీనిదానికి ఇది తెలిసింది. నీ చెయ్యి కాలిన పొద్దు బ్యాటరీ వైరు పీకిందెవరు? ఇన్నేండ్లు నీ అతుకులు ఏసిందెవరు? నలుగురిలో నన్ను నవ్వులపాలు చేసినావు. నేను ధర్మవరం పోతాండా. బ్యాగు సర్దినా."

ఆయన పక్కనే డ్రైవరు వింటున్నాడని తెలుసు. విననీ అనుకున్నాను.

బొత్తాం వదిలాను. ఆయన మెల్లగా, "ఇంకా చెప్పేది ఉండాదా?" అన్నాడు.

"ఉండాది" అన్నాను. బొత్తాం నొక్కే ఉంచి ఏడ్చాను. అదీ విన్నాడు.

జీపు తిరిగొచ్చేసరికి బస్సు వేళయింది. టీ కొట్టు నిండా మనుషులు. ఆయన నేరుగా వచ్చి నా వైపు తలుపు తీశాడు. టెస్ట్ ల్యాంపు, కటింగ్ ప్లయర్ నా చేతిలో పెట్టాడు.

"ఏమే, దిగు. నాకంటే నీకే బాగా తెలుసు. నేను కీ తిప్పుతా" అన్నాడు, టీ కొట్టుకు వినబడేంత గట్టిగా.

చీర కుచ్చిళ్ళు దోపుకుని కింద దూరాను. వైరు మార్చి అతుకు వేసి, "కీ!" అన్నాను.

"వచ్చె" అన్నాడు.

"తియ్యి."

"పోయె."

బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి వంతులు వేసుకున్నాం. ఒక బండికి ఆయన కింద, ఒక బండికి నేను. సీట్లో ఉన్నా ఆయన నోరు ఊరుకునేది కాదు. "ఎర్రది చూసుకో, ఫ్యూజు మర్చిపోతావు, ఆడ కాదే ఈడ" అని ప్రాణం తీసేవాడు. పోయిన వారం నా పనికి అడ్డం వచ్చేవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఆ ఒక్క జీపుకే పొద్దంతా పట్టింది.